భయానికి అట్ట వేసినవారు

ఇంటర్నెట్‌లో పుట్టి, ఒకరి నుంచి మరొకరికి నకలవుతూ దేశాలు దాటే భయానక కథలను క్రీపీపాస్టా అని పిలుస్తారు. ఇవి కథల్లా మొదలుకావు. 2001లో వెలువడిన ‘టెడ్ ద కేవర్’ గుహలోకి దిగిన ఒక వ్యక్తి దినచర్యలా సాగుతుంది. 2007లో మొదలైన ‘ఎస్‌సీపీ’ పరంపర ఒక రహస్య సంస్థ భద్రపరచిన ఫైళ్లలా కనిపిస్తుంది. క్రిస్ స్ట్రాబ్ 2009లో రాసిన ‘క్యాండిల్ కోవ్’ చిన్నప్పుడు చూసిన టీవీ బొమ్మలాట గురించి కొందరు పెద్దవాళ్లు పంచుకునే జ్ఞాపకాల రూపంలో ఉంటుంది. అదే ఏడాది జూన్‌లో ఎరిక్ నడ్సన్ అనే అమెరికన్ రెండు నలుపు తెలుపు ఫొటోలలో ముఖం లేని ఒక పొడవాటి మనిషిని చొప్పించి, కింద సాక్షి చెప్పినట్టుండే చిన్న వ్యాఖ్యలు చేర్చగా ‘స్లెండర్ మ్యాన్’ పుట్టాడు. వీటన్నింటిలోనూ చదివేవాడిని పట్టి ఉంచేది ఒకే అనుమానం: ఇది ఎవరో కల్పించిన కథేనా, లేక ఎక్కడో నిజంగా జరిగినదాని తాలూకు కాగితమా?

ఇటువంటి రచనను పుస్తకంగా అచ్చువేయాలనుకున్నప్పుడు చిక్కు అట్ట దగ్గరే మొదలవుతుంది. తెర మీద కథకు ఊరూ పేరూ ఉండవు, పుస్తకానికి మాత్రం అవి తప్పవు. రచయిత పేరు, ప్రచురణకర్త ముద్ర, ధర, వెనక అట్ట మీద బార్‌కోడు అన్నీ కలిసి ‘ఇది అమ్మకానికి పెట్టిన కల్పన’ అని మొదటి పేజీకి ముందే చాటేస్తాయి. రక్తం కారుతున్నట్టున్న అక్షరాలు, పుర్రె, చీకట్లో మెరిసే కళ్లు ఉన్న ముఖచిత్రాలకు రైల్వేస్టేషను పుస్తకాల కొట్టులో ప్రయోజనం ఉంది. ‘తులసిదళం’ వంటి భయానక నవలల తరం పాఠకులు ఆ గుర్తులను దూరం నుంచే పోల్చుకోగలిగారు. అయితే సాక్ష్యంలా చదవవలసిన కథకు ఆ గుర్తులే అడ్డు. అందువల్ల ఈ రకం పుస్తకాల రూపకర్తలు బొమ్మ కంటే అమరిక మీద ఎక్కువగా ఆధారపడవలసి వస్తుంది. అమరిక అంటే పేజీ మీద అక్షరం, ఖాళీ, గీత, ఫొటో ఎక్కడ ఎంత స్థలం తీసుకోవాలన్న నిర్ణయం. ముద్రణ రంగంలో దీన్ని లేఅవుట్ అంటారు.

ఈ పనికి సంబంధించి ఆస్ట్రేలియా అనుభవం ప్రత్యేకంగా పరిశీలించదగినది. పైన చెప్పిన ప్రసిద్ధ కథలేవీ అక్కడ పుట్టలేదు. కానీ పత్రంలా, ఆధారంలా నటించే పుస్తకాన్ని తయారుచేయడం అక్కడి రచయితలకూ చిత్రకారులకూ ఇంటర్నెట్ రాకముందే అలవాటైన విద్య. 1950ల నుంచి ఏటా పుస్తక రూపకల్పనకు బహుమతులిచ్చే సంప్రదాయం ఆ దేశంలో ఉంది. ఇప్పుడు ఆ బాధ్యతను ఆస్ట్రేలియన్ బుక్ డిజైనర్స్ అసోసియేషన్ చూస్తున్నది. అట్ట వేసినవారి పేరును అట్ట లోపలి అంచున అచ్చువేసే మర్యాద అక్కడ చాలాకాలంగా పాటిస్తున్నారు. ఆ మర్యాద తెలుగు ప్రచురణలో బాపు వంటి కొద్దిమంది విషయంలో తప్ప స్థిరంగా అమలు కాలేదన్నది వేరే సంగతి.

అచ్చుకాగితపు ముక్క ఒకటి ఎంతటి భయాన్ని మోయగలదో చూపిన సంఘటన ఆ దేశ చరిత్రలోనే ఉంది, అది కల్పన కాదు. 1948 డిసెంబరు 1న అడిలైడ్ నగరం పక్కనున్న సోమర్టన్ బీచ్‌లో ఒక పురుషుడి శవం దొరికింది. బట్టలకు ఉండవలసిన కంపెనీ పట్టీలు లేవు, మనిషి ఎవరో తెలిపే కాగితమూ లేదు. నెలల తరవాత అతని ప్యాంటు నడుము దగ్గరి చిన్న జేబులో గట్టిగా చుట్టిన కాగితపు ముక్క బయటపడింది. దాని మీద అలంకార లిపిలో ‘తమామ్ షుద్’ అన్న పారసీక మాటలు అచ్చయి ఉన్నాయి, అంటే సమాప్తం అని అర్థం. అది ఉమర్ ఖయ్యాం రుబాయీల ఆంగ్లానువాదం చివరి పేజీ నుంచి చింపిన ముక్క అని గుర్తించారు. పత్రికల్లో ప్రకటన వెలువడిన తరవాత, గ్లెనెల్గ్ ప్రాంతంలో ఆపి ఉంచిన తన కారులో ఎవరో పడేసిన పుస్తకాన్ని ఒక వ్యక్తి పోలీసులకు అప్పగించాడు. దాని చివరి పేజీ చిరిగి ఉంది, వెనక భాగంలో పెన్సిలు ఒత్తిడితో పడిన పెద్ద అక్షరాల వరుసలు మసకగా కనిపించాయి. ఆ అక్షరాలకు అర్థం ఏమిటన్నది ఇప్పటికీ తేలలేదు. 2022లో అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెరెక్ ఆబట్, వంశవృక్ష పరిశోధకురాలు కొలీన్ ఫిట్జ్‌ప్యాట్రిక్‌తో కలిసి డీఎన్‌ఏ ఆధారంగా ఆ వ్యక్తి మెల్బోర్న్‌కు చెందిన కార్ల్ వెబ్ అనే ఇంజినీరు అని ప్రకటించారు. అప్పటికే ఈ ఉదంతం ఇంటర్నెట్ మిస్టరీలలో అగ్రస్థానంలో ఉంది. అందులో ఎక్కువగా చేతులు మారిన బొమ్మ శవానిది కాదు. అంచులు చిరిగిన ఆ రెండు మాటల కాగితానిది. ఏ రూపకర్తా గీయకపోయినా, ఈ రకం ముఖచిత్రం ఎలా ఉండాలో అది చెప్పకనే చెబుతుంది: తక్కువ మాటలు, స్పష్టమైన అచ్చు, ఎక్కడి నుంచి చిరిగివచ్చిందో తెలియని అంచు.

కల్పనలో ఈ పద్ధతికి ఆస్ట్రేలియాలో పెద్దపీట వేసిన నవల జోన్ లిండ్సే రాసిన ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’. మెల్బోర్న్‌లోని ఎఫ్. డబ్ల్యు. చెషైర్ సంస్థ 1967లో దీన్ని ప్రచురించింది. అట్ట రూపొందించిన అలిసన్ ఫోర్బ్స్ ఆ దేశంలో స్వతంత్రంగా పుస్తక రూపకల్పననే వృత్తిగా చేపట్టిన తొలితరం వ్యక్తి. 1900 ఫిబ్రవరి 14న విక్టోరియా రాష్ట్రంలోని ఒక రాతికొండకు విహారానికి వెళ్లిన పాఠశాల విద్యార్థినులలో కొందరూ ఒక ఉపాధ్యాయినీ మాయమవడం ఇందులోని కథ. ఇది వాస్తవమా కల్పనా అన్నది పాఠకులే తేల్చుకోవాలన్నట్టు రచయిత్రి ముందుమాట రాసింది. మధ్యలో ఉత్తరాలూ వాంగ్మూలాలూ చేర్చి, చివర ఒక పత్రికా కథనంతో పుస్తకాన్ని ముగించింది. ఆ రోజును నవల శనివారమంటుంది, పంచాంగం ప్రకారం అది బుధవారం; ఈ తేడా పట్టుకుని దశాబ్దాలపాటు చర్చలు నడిచాయి. రహస్యాన్ని విప్పే ఆఖరి అధ్యాయాన్ని ప్రచురణ సంస్థ సలహా మేరకు తొలగించగా, అది రచయిత్రి మరణానంతరం 1987లో విడిగా వెలువడింది. పుస్తకరూపం గురించి తీసుకున్న నిర్ణయాలన్నింటిలో ఆ తొలగింపే ముఖ్యమైనది. మిస్టరీ కథలోంచి జవాబున్న పేజీలను తీసేయడమంటే పుస్తకాన్ని చిరిగిన ఆధారంగా మార్చడమే, తరవాతి కాలపు ఇంటర్నెట్ కథలు చేసిన పనీ అదే.

1990లో వచ్చిన గ్యారీ క్రూ నవల ‘స్ట్రేంజ్ ఆబ్జెక్ట్స్’ ఈ దారిలో మరింత ముందుకు వెళ్లింది. 1629లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో బద్దలైన ‘బటావియా’ అనే డచ్చి ఓడ చరిత్రకు సంబంధించిన వస్తువులు ఒక కుర్రవాడికి దొరకడం, ఆ తరవాత అతను కనిపించకుండా పోవడం ఇందులోని విషయం. దాన్ని రచయిత వరుసగా చెప్పకుండా, పత్రికల ముక్కలు, ఉత్తరాలు, నోటుపుస్తకం పేజీలు, పాత దినచర్య అనువాదం కలిపిన ఒక దస్త్రంలా పేర్చాడు. ఒక్కొక్క కాగితానికీ ఒక్కొక్క గొంతు ఉండటంతో, ఎవరు అబద్ధం చెబుతున్నారో తేల్చుకునే పని చదివేవారి మీద పడుతుంది. యువ పాఠకుల కోసం రాసిన ఈ పుస్తకానికి 1991లో ఆస్ట్రేలియా బాలల పుస్తక మండలి బహుమతి లభించింది.

అదే రచయిత, అడిలైడ్ చిత్రకారుడు స్టీవెన్ వూల్మన్‌తో కలిసి 1994లో చేసిన ‘ద వాటర్‌టవర్’ మాత్రం అమరిక విషయంలో వీటన్నింటికన్నా సాహసోపేతమైనది. దీన్ని కొంత దగ్గరగా చూడాలి. ఊరి బయట గుట్ట మీద పాత నీళ్లట్యాంకు ఉంటుంది. వేసవి ఎండలో ఇద్దరు కుర్రవాళ్లు అందులో ఈతకు దిగుతారు. ఒకడి ప్యాంటు కనిపించకుండా పోతుంది. రెండోవాడు ఇంటికెళ్లి మరొకటి తెచ్చేలోపు ట్యాంకులో ఒంటరిగా ఉన్న కుర్రవాడికి ఏదో జరుగుతుంది. ఏమి జరిగిందో మాటల్లో ఎక్కడా ఉండదు. వాక్యాలు సాదాగా, పల్లెటూరి మధ్యాహ్నపు మందకొడితనంతో నడుస్తాయి. భయమంతా పేజీల తిరుగుడులో ఉంది. పుస్తకం మామూలుగా తెరుచుకుంటుంది, కాసేపటికి బొమ్మా అక్షరాలూ పక్కకు వాలతాయి, చదువుతున్నవారు పుస్తకాన్ని చేతుల్లో తిప్పవలసి వస్తుంది. చదువు సాగేకొద్దీ ఈ తిప్పడం కూడా సాగుతుంది. నల్లటి నేల మీద తెల్లని అక్షరాలు, ఎండకు మాడిన పచ్చికరంగు బొమ్మలు, ఊరివాళ్లందరూ ఒకే దిక్కుకు చూస్తున్న చూపులు, వాళ్ల మీదా వస్తువుల మీదా మళ్లీ మళ్లీ కనిపించే ఒకే గుర్తు, ఇవన్నీ ఒక్కసారిగా కంటపడవు. ట్యాంకు అడుగున ఉన్న సుడితో పాటు చదివే మనిషి చేతులు కూడా తిరుగుతున్నాయన్న సంగతి పుస్తకం సగం దాటాకగానీ తోచదు. ఆ పుస్తకానికి 1995లో ఉత్తమ చిత్రకథా పుస్తకం బహుమతి వచ్చింది. బడి గ్రంథాలయాల ద్వారా ఒక తరం ఆస్ట్రేలియా పిల్లలకు అది చేరింది.

పుస్తకాన్ని తిప్పించడం చూడటానికి చిన్న చమత్కారమే. కానీ దాని వెనక లెక్క ఉంది. ఆఫ్‌సెట్ ముద్రణలో పుస్తకం పేజీ పేజీగా అచ్చుకాదు. సాధారణంగా పదహారు పేజీలను ఒకే పెద్ద షీటు మీద అచ్చువేసి మడుస్తారు, దాన్నే తెలుగు ప్రెస్సుల్లో ఫారం అంటారు. చాలా చిత్రకథలు రెండు ఫారాలలో, అంటే 32 పేజీలలో ముగుస్తాయి. ఏ పేజీ ఏ కోణంలో వాలాలో, ఎదురెదురు పేజీలు మడత దగ్గర ఎలా కలవాలో ముందే తేల్చకపోతే బొమ్మ మధ్యలో విరిగిపోతుంది. అందుకే ఇటువంటి పుస్తకంలో రచయిత రాసి ఇచ్చేసి తప్పుకోవడం, చిత్రకారుడు తరవాత బొమ్మలు వేయడం అన్న వరస పనికిరాదు. పాఠమూ, బొమ్మా, మడతా కలిసే తయారుకావాలి. క్రూ ఆ తరవాత లోథియన్ సంస్థ కోసం ‘ఆఫ్టర్ డార్క్’ అనే చిన్న భయానక పుస్తకాల వరసకు సంపాదకత్వం వహించాడు. పెర్త్ నగరానికి చెందిన షాన్ టాన్, ‘ఆరియాలిస్’ వంటి ఆస్ట్రేలియా కాల్పనిక పత్రికలకు బొమ్మలు వేస్తూ ఎదిగి, ఈ వరసలోనూ పనిచేసి, 1997లో క్రూతో కలిసి ‘ద వ్యూయర్’ చేశాడు. పాత ఫొటోల ఆల్బంలా కనిపించే ‘ద అరైవల్’ (2006) ద్వారా ప్రపంచానికి తెలిసిన టాన్ చేతికి పాతకాగితపు మరకలను, గీతలను గీయడం ఆ తొలి రోజుల్లోనే అబ్బిన విద్య అనుకోవచ్చు.

పుస్తకమే భూతమైన కథ జెనిఫర్ కెంట్ తీసిన ‘ద బాబడూక్’ సినిమా. అడిలైడ్‌లో చిత్రీకరించిన ఈ సినిమా 2014లో విడుదలైంది. అందులో తల్లీకొడుకులకు ఇంటి అలమరలో ఎర్రటి అట్ట ఉన్న ఒక పుస్తకం దొరుకుతుంది. అది తెరిస్తే కాగితపు బొమ్మలు పైకి లేచి నిలబడే పాప్-అప్ పుస్తకం. దాన్ని గీసినవాడు అమెరికన్ చిత్రకారుడు అలెక్స్ యుహాస్. బొగ్గుతో రుద్దినట్టున్న నలుపు, చేత్తో రాసిన వంకర అక్షరాలు, తలుపు తెరిస్తే బయటకు వచ్చే టోపీ మనిషి, ఇవి తప్ప అందులో అలంకారం లేదు. తల్లి దాన్ని చింపి పారేస్తుంది; అతికించిన పేజీలతో అది మళ్లీ గుమ్మంలో ప్రత్యక్షమవుతుంది, ఈసారి ఇంతకుముందు లేని పేజీలు అందులో ఉంటాయి, ఆమె ఏమి చేయబోతున్నదో వాటిలో కదిలే బొమ్మలుగా కనిపిస్తుంది. ప్రేక్షకులు ఈ పుస్తకాన్ని కొనుక్కుంటామని అడగడంతో ముందస్తు చందాల పద్ధతిలో దాన్ని నిజంగానే తయారుచేశారు. కాగితపు యంత్రాంగాన్ని సైమన్ ఆరిస్పే రూపొందించగా అమెరికాలోని ఇన్‌సైట్ ఎడిషన్స్ ప్రచురించింది. పాప్-అప్‌లో భయం పాఠకుడి వేలి కిందే ఉంటుంది. పేజీ తిప్పే వేగాన్ని బట్టి బొమ్మ లేస్తుంది, నెమ్మదిగా తిప్పితే నెమ్మదిగా, మధ్యలో ఆపితే సగం లేచి ఆగుతుంది. సినిమాకు ఈ వెసులుబాటు లేదు. బాబడూక్ ఆ తరవాత ఇంటర్నెట్ వ్యంగ్యచిత్రాల్లో కాపురం పెట్టి, భయం కంటే నవ్వు ఎక్కువ పుట్టించే పాత్రగా మారిపోయింది. ఎరుపు అట్ట పుస్తకం మాత్రం తన మర్యాద కోల్పోలేదు.

తెర మీది భాషను కాగితం మీదికి మార్చే పనిని ఆస్ట్రేలియాలో పెద్ద ఎత్తున చేసింది మెల్బోర్న్ రచయితలు ఏమీ కాఫ్‌మన్, జే క్రిస్టఫ్. వారి ‘ఇల్యూమినే’ (2015), ‘జెమినా’ (2016), ‘అబ్సిడియో’ (2018) నవలలు అంతరిక్షంలో జరుగుతాయి కాబట్టి వాటిని విజ్ఞాన కల్పనగా వర్గీకరిస్తారు. అయినా మొదటి పుస్తకం నడిమి భాగం నూటికి నూరుపాళ్లూ భయానక కథే. శత్రువు దాడి నుంచి తప్పించుకున్న ఓడల్లో ఒక అంటురోగం మనుషులను పిచ్చివాళ్లను చేస్తుంది, ఓడను నడిపే కంప్యూటరు బుద్ధి తనకు తోచిన న్యాయం అమలు చేస్తుంది. ఇదంతా విచారణ కోసం సేకరించిన దస్త్రంగా పాఠకుడి ముందుకు వస్తుంది: చాటింగులు, ఈమెయిళ్లు, సైనిక నివేదికలు, నిఘా కెమెరాల్లో కనిపించినదాన్ని ఒక గుమాస్తా రాసిన సారాంశాలు, మృతుల జాబితాలు. బూతు మాటల మీద నల్ల పట్టీలు ఉంటాయి. ఎవరో తమకంటే ముందు దీన్ని చదివి కొన్ని మాటలు కప్పేశారన్న భావన కలిగించడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు.

కంప్యూటరు బుద్ధి మాట్లాడే చోట పేజీ నల్లబడి అక్షరాలు తెల్లబడతాయి. యుద్ధం జరిగేచోట వాక్యాలు ఓడల దారిలో వంకరలు తిరుగుతాయి. కొన్ని పేజీల్లో నాలుగైదు మాటలకు మించి ఉండవు. ఆ ఖాళీని చదవడానికి క్షణం పట్టదు గానీ దాటడానికి పడుతుంది. క్రిస్టఫ్‌కు ప్రకటనల రంగంలో పదేళ్లకు పైగా అనుభవం ఉండటం ఇక్కడ అక్కరకు వచ్చింది. ‘ఇల్యూమినే’కు అమెరికాలో వచ్చిన గట్టి అట్ట ప్రతికి, కింద అచ్చయిన పాఠం కనిపించేలా పలుచని పారదర్శక పైచొక్కా తొడిగారు. పుస్తకం పైన తొడిగే ఈ మడత కాగితాన్ని డస్ట్ జాకెట్ అంటారు. ఆస్ట్రేలియాలో అలెన్ అండ్ అన్విన్ ఆ నవలను ప్రచురించింది. 2015 సంవత్సరానికి అది ఆరియాలిస్ పురస్కారాలలో ఉత్తమ విజ్ఞాన కాల్పనిక నవలగా ఎంపికైంది. ఇందులో లోపం లేదనలేము. మూడు పుస్తకాలు గడిచేసరికి వంకర వాక్యాలూ పేలుడు అక్షరాలూ అలవాటైపోయి, సాదా పేజీ వస్తేనే ఆశ్చర్యం కలుగుతుంది. మొదటి పుస్తకంలో గుమాస్తా రాసిన పొడి సారాంశాలు అక్షరాల విన్యాసాలకన్నా ఎక్కువ భయపెడతాయన్నది కూడా గమనించాలి.

ప్రయోగం కథలోంచి పుట్టినప్పుడు ఎలా నిలుస్తుందో చూడటానికి ఆస్ట్రేలియా బయటి ఉదాహరణ ఒకటి తప్పదు. మార్క్ జడ్. డేనియలెవ్‌స్కీ అమెరికాలో 2000లో ప్రచురించిన ‘హౌస్ ఆఫ్ లీవ్స్’ నవలలో ఒక ఇంటి లోపలి కొలత బయటి కొలత కంటే పావు అంగుళం ఎక్కువగా తేలుతుంది. ఆ పుస్తకం పేపర్‌బ్యాక్ ప్రతికి అట్టను లోపలి కాగితాల కంటే కాస్త తక్కువ వెడల్పుగా కత్తిరించారు. కొట్టులో చేతికి తీసుకున్నవాడు బైండింగు తప్పు అనుకుంటాడు. సగం చదివాక ఆ ‘తప్పు’ గుర్తుకొచ్చి మళ్లీ అట్ట వైపు చూస్తాడు. ముఖచిత్రం మీద గీసే ఏ భూతమూ ఈ పని చేయలేదు.

ఇప్పుడు ఇంటర్నెట్ కథలను పుస్తకాలుగా తేవాలనుకునేవారికి రూపకల్పనకన్నా ముందు హక్కుల సమస్య ఎదురవుతుంది. ‘ఎస్‌సీపీ’ రచనలు క్రియేటివ్ కామన్స్ అనే ఉమ్మడి అనుమతి కింద ఉన్నాయి. ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ మూల రచయితల పేర్లు చెప్పాలి, తమ పుస్తకాన్ని కూడా అదే అనుమతి కింద వదిలేయాలి. ఈ చివరి షరతు పెద్ద ప్రచురణకర్తలకు గొంతులో వెలక్కాయ. అందుకే క్యూఎన్‌టీఎమ్ అన్న కలంపేరుతో రాసే సామ్ హ్యూస్, తన ‘దేర్ ఈజ్ నో యాంటీమెమెటిక్స్ డివిజన్’ను 2021లో సొంతంగా అచ్చువేసుకున్నా, 2025లో పెద్ద సంస్థ ద్వారా తెచ్చినప్పుడు ఎస్‌సీపీ ప్రస్తావనలన్నీ తీసివేసి తిరగరాయవలసి వచ్చింది. బొమ్మల విషయం ఇంకా సున్నితం. ‘ఎస్‌సీపీ-173’ కథకు ఏళ్ల తరబడి వాడిన ఫొటో నిజానికి జపాన్ కళాకారుడు ఇజుమి కాటో చేసిన శిల్పానిది. ఆ బొమ్మను 2022లో తొలగించారు. ఇంటర్నెట్‌లో ఎవరి సొత్తూ కానట్టు తిరిగే ఫొటోను అట్ట మీద పెట్టడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి.

అచ్చు ఖర్చు మరో హద్దు. మెల్బోర్న్ శివారు స్కోర్స్‌బీలో 2011 నుంచి పనిచేస్తున్న లైట్నింగ్ సోర్స్ వంటి ముద్రణాలయాలు అడిగినన్ని ప్రతులు, ఒక్కటైనా సరే, అచ్చువేసి ఇస్తాయి. ఈ పద్ధతి వల్ల చిన్న రచయితకు వెయ్యి ప్రతులు ఇంట్లో పేర్చుకునే బెడద తప్పింది. అయితే ఇలాంటి చోట్ల అట్టకు రంధ్రం చేయడం, పారదర్శక జాకెట్టు తొడగడం, అట్టను పొట్టిగా కత్తిరించడం సాధారణంగా కుదరవు. చేయగలిగినవి అక్షరం, ఖాళీ, నలుపు మాత్రమే. నలుపు కూడా అనుకున్నంత సులువు కాదు. పేజీ నిండా నల్ల సిరా పరిస్తే పలుచని కాగితంలోంచి అది వెనక్కి కనిపిస్తుంది, ఎదుటి పేజీకి మరక అంటుతుంది, వేలిముద్రలు పడతాయి. చిన్న తెల్ల అక్షరాల్లోకి సిరా చొచ్చుకొచ్చి సన్నని గీతలు పూడిపోతాయి. కాబట్టి నల్ల పేజీ మీద కాస్త లావుపాటి ఫాంటు, ఎక్కువ ఎడం అవసరమవుతాయి. ఈ-పుస్తకంలో సమస్య తలకిందులవుతుంది: ఫోను తెరను బట్టి వాక్యాలు తమంతట తామే సర్దుకునే పద్ధతిలో పేజీ అనేదే ఉండదు, ‘వాటర్‌టవర్’ను అక్కడ తిప్పడానికి వీలుండదు, ఫోనే పేజీని మళ్లీ నిటారుగా నిలబెట్టేస్తుంది.

తెలుగులో ఇటువంటి పుస్తకం చేయాలంటే ఆంగ్ల నమూనాలు ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. ఆంగ్ల పదాన్ని అక్షరాలుగా విడగొట్టి పేజీ కిందికి రాల్చవచ్చు. ‘స్త్రీ’ అన్న తెలుగు మాటను అలా రాల్చలేము, అది మొత్తంగా ఒకే అక్షరం, పడితే మొత్తం పడాలి. ఆంగ్లంలో వాక్యాన్ని నల్ల పట్టీతో కప్పితే మాట పూర్తిగా మాయమవుతుంది. తెలుగులో పైన గుడి, కింద వత్తు బయటికి పొడుచుకొచ్చి, కప్పిన మాట ఏదో చదివేవాడు ఊహించేస్తాడు. రూపకర్త జాగ్రత్తపడకపోతే ఇది లోపం, కావాలని చేస్తే మంచి ఆయుధం. డీటీపీ కేంద్రాల్లో ఎక్కువగా వాడిన అను ఫాంట్లలో తలకట్టు, వత్తు, అక్షరం వేరువేరు ముక్కలుగా ఉంటాయి. మామూలు పనిలో చికాకు పెట్టే ఈ ఏర్పాటు భయానక కథకు అనుకోని వరం. ఒక పాత్ర మతి తప్పేకొద్దీ వత్తులను అక్షరాల నుంచి కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోతే, చదవడానికి అడ్డు రాకుండానే కంటికి ఏదో తేడా తగులుతుంది. యూనికోడ్ ఫాంట్లలో ఇది తేలిక కాదు, అక్షరాన్ని బొమ్మగా మార్చి చేయాలి. వాటిలో మండలి, సూరన్న వంటివి కార్యాలయ పత్రానికి సరిపోయే నిదానం కలవి, ధూర్జటి, రామభద్ర శీర్షికలకు పనికివస్తాయి. పోలీసు వాంగ్మూలాన్ని పెద్ద శీర్షిక ఫాంటులో పెడితే అది వాంగ్మూలంలా ఉండదు, సినిమా పోస్టరులా ఉంటుంది. తెలుగు దస్త్రపు భాషకు, పంచనామాకు, గ్రామ కరణాల లెక్కలకు, ఆసుపత్రి చీటీకి వాటి వాటి రూపం ఉంది; ఆ రూపాలను ఎరిగిన రూపకర్తకు భూతం బొమ్మ అవసరమే ఉండదు.

ఆస్ట్రేలియాలో ప్రచురితమైన ప్రతి పుస్తకం ప్రతి ఒకటి చట్టప్రకారం కాన్‌బెరాలోని జాతీయ గ్రంథాలయానికి చేరాలి, కాబట్టి ‘వాటర్‌టవర్’, ‘స్ట్రేంజ్ ఆబ్జెక్ట్స్’ వంటివి అచ్చులో లేనప్పుడు కూడా అక్కడ చూడవచ్చు. ఆ గ్రంథాలయం 1996 నుంచి ‘పండోరా’ పేరుతో ఆస్ట్రేలియా ఇంటర్నెట్ రచనలను కూడా భద్రపరుస్తున్నది. 2016 నుంచి ఎలక్ట్రానిక్ ప్రచురణలకు సైతం ఆ చట్టం వర్తిస్తుంది. తెలుగులో ఇంటర్నెట్ కథలకు అటువంటి ఏర్పాటు ఇంకా లేదు. రాసేవారు తమ కథలను, అవి మొదట కనిపించిన రూపంతో సహా, ఒక ప్రతి దాచుకోవడం మంచిది.